కల అని చెప్పు

మార్చి 14, గురువారం

అక్కకి,

మొన్న మంగళవారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకి మా కోల్డ్ స్టోరేజీ లిఫ్టు ఐదో అంతస్తు దగ్గర ఇనప తాడు తెగి కింద పడింది. లోపల ఉన్న ముగ్గురు హమాలీలూ చనిపోయారు. లిఫ్టు నడిపే మీట నా చేతిలోనే ఉంది. నాకేం కాలేదు.

పేపర్లో చూసి నువ్వు కంగారు పడకముందే నేనే చెప్పాలని రాస్తున్నాను. ఫోన్లో నీకు వినపడదు. పక్కవాళ్ల చేత చెప్పించే మాట కాదు ఇది.

ముగ్గురూ నా ఉత్తరాల్లో నీకు తెలిసినవాళ్లే. పెద్దాయన, సన్నోడు, కొత్తల్లుడు. మూడో అతనికి ఆ పేరు పెట్టింది పెద్దాయనే, పక్కన కూర్చుని బతిమాలితే తప్ప అన్నం డబ్బా మూత తియ్యడని. పొద్దున్నే వాళ్లు లిఫ్టులో ఎక్కి నిలబడి, పై అంతస్తు నుంచి గంట మోగేదాకా ఒకరి కల ఒకరికి చెప్పుకుంటారని రాశాను కదా. నాలుగైదు నిమిషాలే. లోపలి చలికి పళ్లు కొట్టుకోకుండా ఆ కబుర్లు పనికొచ్చేవి. పెద్దాయనది ఆరేళ్లుగా ఒకటే కల. తను సూపర్‌వైజర్ అయినట్టు, అయినా హమాలీలు ఎవరూ రాక బస్తాలన్నీ తనే మోసినట్టు. కొత్తల్లుడికి కలలే రావు. "పోనీ ఇవాళ్టికి నాది చెప్పుకో" అనేవాడు పెద్దాయన.

ఇది బంగాళాదుంపలు లోపలికి ఎక్కించే నెల. ఇరవై రెండు బస్తాలతో పైకి పంపాను. బోర్డు మీద ఇరవై అని రాసి ఉంది, మేం రోజూ ఇరవై రెండు ఎక్కిస్తాం. మనుషులు ఎక్కకూడదనీ రాసి ఉంది, అయినా అందరూ ఎక్కుతారు. మెట్ల మీద మంచు పేరుకుంటుంది, ఎవరికీ కాలు నిలవదు. ఈ రెండూ సూపర్‌వైజర్‌కి తెలుసు. తాడు తెగినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. చేతిలో మీట ఉన్నట్టుండి తేలికైపోయింది, అంతే.

వాళ్లు లోపల రబ్బరు బూట్లు వేసుకుంటారు. చెప్పులు బయట గోడ పక్కన విడుస్తారు. మూడు జతలూ ఇంకా అక్కడే ఉన్నాయి.

తెగిన తాడు ముక్కలు సాయంత్రానికల్లా ఆఫీసువాళ్లు బండిలో వేసుకుని వెళ్లారు. ఎక్కడికంటే తుక్కుకి అన్నారు. విచారణకి ఒక అధికారిని వేశారు. నన్ను ఊరు దాటొద్దన్నారు. నువ్వు రావద్దు, సెలవు పాడుచేసుకోవద్దు. నాకేం కాలేదు, తింటున్నాను.

తమ్ముడు

*

మార్చి 18

చిన్నోడా,

నీ ఉత్తరం లాండ్రీ గేటు దగ్గర అందింది. అక్కడే నిలబడి చదివి, లోపలికెళ్లి దుప్పట్లు మడత పెట్టాను. నలభై మడతపెట్టాక చూస్తే అన్నీ తిరగేసి ఉన్నాయి. మళ్లీ విప్పాను. మా మేట్రన్ నా వెనక నిలబడి ఏదో అంది. ఏమందో తెలీదు. చెవుడొచ్చాక ఈ ఆసుపత్రిలో నేనొక్కదాన్నే ప్రశాంతంగా ఉన్నాను.

నీకేం కాలేదని రెండుసార్లు రాశావు. ఒకసారి రాసి ఉంటే నమ్మేదాన్ని. తింటున్నానన్న మాటా నమ్మలేదు. కనీసం పొద్దున ఏదైనా వేడిగా కడుపులో వేసుకో.

నాకు ఒక విషయం గుర్తొచ్చింది. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, మూడో తారీకున, తాడు తెగుతున్నట్టు నీకు కలొచ్చిందని రాశావు. ఆ ఉత్తరం నా డ్రాయర్లో ఉంది. కలలో కూడా ఆ యంత్రాన్నే కనిపెట్టుకుని ఉండేవాడు ఎంత శ్రద్ధగా పనిచేసి ఉంటాడో ఎవరికైనా అర్థం కావాలి కదా. నువ్వు నీ గురించి ఒక్క మంచి మాట చెప్పుకోవు. నాన్న దగ్గరా చెప్పుకోలేదు, బళ్లోనూ చెప్పుకోలేదు. అందుకని నేనే ఆ విచారణ అధికారికి ఒక కాగితం రాశాను. మా తమ్ముడు ఎలాంటివాడో, ఆ కల సంగతేమిటో అన్నీ రాశాను. పేపర్లో ఆయన ఆఫీసు చిరునామా ఉంది. నిన్ననే పోస్టు చేశాను.

వచ్చే వారం నా చెవులకి పరీక్ష. డాక్టరు వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెబుతాడట, నేను తిరిగి చెప్పాలట. పోయినసారి అన్నిటికీ ఏడు అన్నాను. ఒకటి తగిలింది.

నీ అక్క

*

మార్చి 22

అక్కకి,

నిన్నెవరు రాయమన్నారు?

నిన్న నన్ను పిలిచి బల్ల మీద నీ కాగితం పెట్టారు. రెండు పేజీలు. దూరం నుంచే నీ రాత అని తెలిసింది. అధికారి మర్యాదగానే మాట్లాడాడు. ఆ కలేమిటో చెప్పమన్నాడు. గుర్తులేదన్నాను. మీ అక్కగారికి బాగా గుర్తుందే అన్నాడు. సూపర్‌వైజర్ పక్కనే కూర్చుని ఉన్నాడు. అతను నవ్వి, "అవును సార్, నాకూ చెప్పాడు. నాలుగో తారీకు పొద్దున. కలొచ్చిందనే చెప్పాడు, ఇంకేం చెప్పలేదు" అన్నాడు. అధికారి అది రాసుకున్నాడు. ఇంకేం చెప్పలేదు అన్న ముక్క మళ్లీ అడిగి మరీ రాసుకున్నాడు.

ఇప్పుడు ఆ ఉత్తరం వాళ్లకి కావాలట. నీకు నోటీసు వస్తుంది. పోయిందని చెప్పు. ఉత్తరాలు దాచుకునే అలవాటు లేదని చెప్పు. మంచి చేద్దామనే చేశావు, నాకు తెలుసు. కానీ ఇంకెవరికీ ఏమీ రాయకు.

గేటు బయట ఒక నోటీసు అంటించారు. పరిమితికి మించి బరువు వేయడం వల్ల, నిషేధం ఉన్నా ఎక్కడం వల్ల ప్రమాదం జరిగిందని, సంస్థ విచారం తెలుపుతోందని. పెద్దాయన భార్య వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడింది. ఆవిడకి చదువు రాదు. పక్కనున్నవాళ్లని చదవమంటే ఒకతను చదివాడు. ఆవిడ "ఎక్కించింది ఎవరు మరి?" అని అడిగింది. చదివినతను తన దారిన వెళ్లిపోయాడు. నేను రోడ్డుకి అవతల ఉన్నాను. నన్ను చూడలేదు.

చెవుల పరీక్ష అయ్యాక ఏమన్నారో రాయి.

తమ్ముడు

*

మార్చి 27

చిన్నోడా,

చెవుల సంగతి ఏముంది, కుడిది పోయింది, ఎడమది సగం. బట్టలుతికే డ్రమ్ముల దగ్గర నుంచి ఇస్త్రీ వైపు మారుస్తామన్నారు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద అలిగాను. కలలు నమ్ముతున్నావని నలుగురూ నవ్వుతారని సిగ్గుపడ్డావేమో అనుకున్నాను. అంత సిగ్గెందుకు, కలలు రానిది ఎవరికి అనుకున్నాను. అంతలో నోటీసు వచ్చింది. ఏప్రిల్ 11, గురువారం, ఉదయం పదిన్నరకి హాజరు కావాలి, "సదరు ఉత్తరం అసలు ప్రతి" తీసుకురావాలి. సంతకం పెట్టి తీసుకున్నాను. పోయిందని చెప్పలేకపోయాను, ఎందుకంటే ఉందని నేనే రాసి ఇచ్చాను కదా.

ఇచ్చేముందు ఒకసారి చదువుకుందామని నిన్న తీశాను. నువ్వు రాసింది నీకే రాసి పంపుతున్నాను. ఇది మూడో తారీకుది:

"అక్కా, నాకొక కలొచ్చింది. మేడ పైన కప్పీ గదిలో తాడుకి గ్రీజు రాస్తున్నాను. గుడ్డకి ఏదో గీసుకుంది. చూస్తే మూడు పోగులు తెగి, పైకి లేచి ఉన్నాయి. ఇంకొంచెం తిప్పితే ఇంకో రెండు. వంగి చూద్దామంటే నా ఎడమ బూటు లేసు జారిపోతోంది. లేసు తెగిందని గోనె పురికొస కట్టాను కదా, అది వదులైంది. కట్టుకుని లేచేసరికి కింద నుంచి గంట మోగింది."

అక్కడ ఆపి, కిందంతా మీ ఇంటివాళ్ల కొత్త పంపు గురించి రాశావు.

చిన్నోడా, మన ఇంట్లో ఎలా జరిగేదో నీకు గుర్తుందా? నాన్నకి చెడ్డ కబురు నేరుగా చెబితే చేతిలో ఏముంటే అది గోడకి తగిలేది. అందుకని అమ్మ మనకి నేర్పింది, కల అని చెప్పండర్రా అని. లెక్కల్లో తప్పానని కలొచ్చింది నాన్నా అనేవాడివి. మామయ్యని పనిలోంచి తీసేసినట్టు కలొచ్చిందని అమ్మే అనేది. నాన్న కంచం వైపు చూస్తూ "కలే కదా" అనేవాడు. మర్నాడు బడికెళ్లి మాస్టారితో మాట్లాడి వచ్చేవాడు. కల మీద కోపం తెచ్చుకునే మనిషి కాదు. అందుకే ఇల్లు నిలబడింది.

కానీ మనకి మామూలు కలలూ వచ్చేవి. ఏది ఏదో తెలియాలని అమ్మ వంటింట్లోకి పిలిచి ఒకటే అడిగేది, "అప్పుడు నీ కాళ్లకి ఏముంది?" అని. కలలో ఎవరికీ వాళ్ల కాళ్లు కనపడవని అమ్మ నమ్మకం. చెప్పులో, బూట్లో, మట్టో చెప్పగలిగితే అది జరిగిన సంగతే.

నేను అడగకుండానే నువ్వు రాసేశావు. పురికొస అని కూడా రాశావు. నిన్ననే కనపడింది నాకు.

అది కలేనా?

నీ అక్క

*

మార్చి 31

అక్కకి,

కల కాదు. బూట్లున్నాయి. మార్చి రెండు, శనివారం, ఉదయం పదకొండుకి. ఐదు పోగులు లెక్కపెట్టాను.

సోమవారం పొద్దున సూపర్‌వైజర్ గదికి వెళ్లాను. తలుపు దాకా వెళ్లేవరకు నేరుగా చెప్పాలనే ఉంది. నాకు ముందు మీట దగ్గర పనిచేసినతను బ్రేకు పట్టడం లేదని అందరి ముందూ అన్నాడు. సాయంత్రానికి అతని పెట్టె గేటు బయట ఉంది. అది గుర్తొచ్చిందో, సూపర్‌వైజర్ చేతిలో టీ గ్లాసు చూసి నాన్న గుర్తొచ్చాడో తెలీదు. నోరు తెరిస్తే "కలొచ్చింది సార్" అని వచ్చింది. అనుకుని అన్నది కాదు. తాడు, పోగులు అన్నీ చెప్పాను, కానీ కల అని చెప్పాను. అతను పడీపడీ నవ్వాడు. కలలో చేసిన పనికి కూడా హాజరు వేయమంటావా అన్నాడు. నేను అక్కడే నిలబడ్డాను. కలే కదా అని తర్వాత వెళ్లి చూసుకుంటాడని. నాన్న చూసుకునేవాడు కదా.

అతను చూడలేదు. రోజూ పొద్దున పుస్తకంలో "తాడు బాగుంది" అని రాసి సంతకం పెట్టాలి. ఎనిమిది రోజులు పెట్టాను.

నీకు రాశాను. నువ్వు ఆరో తారీకున జవాబిచ్చావు, నా దగ్గరే ఉంది. "పని ఎక్కువైతే ఇలాంటి కలలే వస్తాయి. తొందరగా పడుకో. అక్కడ ఎవరితోనూ గొడవ పెట్టుకోకు, ఈ ఉద్యోగమైనా నిలబెట్టుకో." నిన్ను ఏమీ అనడం లేదు.

పన్నెండో తారీకున, ఆ ముగ్గురూ లిఫ్టులో నిలబడి ఉండగా, ఇవాళ ఎవరి వంతు అని పెద్దాయన అడిగాడు. నాది అన్నాను. చేరిన దగ్గర నుంచి నేనెప్పుడూ చెప్పలేదు, అందుకని ముగ్గురూ ఇటు తిరిగారు. తాడు తెగినట్టు కలొచ్చిందన్నాను. సన్నోడు పైకి చూశాడు. పెద్దాయన "మరి నేను పడ్డానా, నిలబడ్డానా?" అన్నాడు. అంతవరకు చూడలేదన్నాను. "అసలు సంగతి చూడకుండా లేచావేంటయ్యా, పొద్దున్నే ఇంత చప్పటి కల" అన్నాడు. నవ్వారు. కొత్తల్లుడు కూడా నవ్వాడు. పైన గంట మోగింది.

మన ఇంటివాళ్లయితే దిగిపోయేవాళ్లు అక్కా. ముగ్గురూ దిగేవాళ్లు. వాళ్లకి తెలీదు. వాళ్లకి తెలీదన్న సంగతి నాకు తట్టలేదు.

ఇప్పుడు విను. యూనియన్ వాళ్లు ఒక లాయరుని పెట్టారు. ఆయన చెప్పింది ఇది. తాడు ముక్కలు లేవు. అది ముందే పాడైందని చెప్పేది నీ దగ్గరున్న ఉత్తరం ఒక్కటే. అది నిజంగా కలే అయితే, ఉత్తరం ఎందుకూ పనికిరాదు. ఎక్కువ బరువు, ఎక్కకూడని లిఫ్టు అని రాసి ఫైలు మూసేస్తారు. ఉద్యోగం పోతుంది, నా మీద ఇంకేం ఉండదు. కల కాదంటే, చూసి కూడా బాగుందని సంతకం పెట్టినవాణ్ని. జైలుకి వెళ్తాను. సంస్థ మీదా కేసు నడుస్తుంది, కానీ నేను ముందు వెళ్తాను.

నన్ను అడిగాక నిన్నూ అడుగుతారు. ఇద్దరి మాటా ఒకటిగా ఉండాలి. కల అని చెప్పు అక్కా. చిన్నప్పటి నుంచి చెబుతున్నదే. ఇదొక్కసారి.

తమ్ముడు

*

ఏప్రిల్ 5

చిన్నోడా,

పోయిన ఉత్తరంలో నీకొక అబద్ధం రాశాను. బూటు లేసు నిన్ననే కనపడిందన్నాను. కాదు. మార్చి ఐదున, మొదటిసారి చదివినప్పుడే చూశాను.

ఆ రోజు మధ్యాహ్నం తిండి విరామంలో, బాయిలర్ పక్కన కూర్చుని చదివాను. పురికొస అన్న మాట దగ్గర ఆగాను. అమ్మ గొంతు వినపడినట్టయింది. నాకు వినపడేది ఇప్పుడు ఆ గొంతొకటే. అడగాలి, కాళ్లకి ఏముందో రాశాడు కాబట్టి అడగక్కర్లేదు, వెంటనే వెళ్లాలి అనుకున్నాను. తర్వాత ఇంకోటి అనుకున్నాను. రెండేళ్లలో మూడు ఉద్యోగాలు మారావు. ప్రతిచోటా ఏదో ఒకటి చూస్తావు, నోరు తెరవలేక మానేసి వచ్చేస్తావు. ఇది కూడా వదిలేస్తే నా గదికి వస్తావు. నా గదిలో ఒక మంచం పడుతుంది. నా చెవులు పోతున్నాయి, నా పనే ఉంటుందో లేదో తెలీదు. ఇవన్నీ అనుకుని, ఉత్తరం మడిచి, నువ్వు కల అన్నావు కాబట్టి కలే అనుకున్నాను. తొందరగా పడుకో అని రాశాను. అంత హాయిగా ఎప్పుడూ జవాబు రాయలేదు.

అధికారికి కాగితం రాసింది కూడా నీ కోసం కాదేమో. అది కలే అని ఇంకొకరి చేత అనిపించుకోవాలని రాసి ఉంటాను.

నువ్వు మూడు చోట్ల చెప్పావు. సూపర్‌వైజర్‌కి, వాళ్లకి, నాకు. ఆ భాష వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

కాబట్టి కల అని చెప్పలేను. నువ్వు కల అంటే, నీ తర్వాత నేను లేచి కాదంటాను. నా చేత ఆ పని చేయించకు. ఆ గేటు దగ్గర ఎక్కించింది ఎవరని అడిగిందే, ఆవిడకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఆవిడ భర్త తప్పు చేసి చచ్చిపోయాడని ఆ గోడ మీద ఇంకా అంటించి ఉందా?

నాన్న గోడకి కొట్టిన గిన్నెలు అమ్మ సాయంత్రం సొట్టలు తీసేది. చెక్క సుత్తితో, లోపల గుడ్డ పెట్టి. కల అని చెప్పమన్నది మనం దెబ్బలు తినకుండా. ఇంకొకరికి తగలడానికి కాదు.

బుధవారం సాయంత్రం ఐదింటి బస్సుకి టికెట్ తీసుకున్నాను. అసలు ఉత్తరం తెస్తున్నాను. నా ఆరో తారీకు జవాబు నీ దగ్గరుంది కదా, అది కూడా పట్టుకురా. రెండూ ఇద్దాం. నా ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వమని అడుగుతాను, వినపడకుండా దేనికీ ఏడు అని చెప్పకూడదు కదా.

నీకు ఉన్ని స్వెట్టర్ ఒకటి తెస్తున్నాను. చలికాలానికి ఎక్కడుంటావో నీకు తెలుసు.

అక్క

*

ఏప్రిల్ 9, మంగళవారం

అక్కకి,

ఇది నువ్వు బస్సెక్కేలోపు చేరాలని మీ ఊరు వెళ్లే డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న అందింది. లాయరు దగ్గరికి వెళ్లి కల కాదని, మన ఇంట్లో చెడ్డ కబురు కల అనే చెబుతామని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, ఇదెప్పటి నుంచి అని అడిగాడు. చిన్నప్పటి నుంచి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఎల్లుండి గదిలో కూడా ఎవరికీ అర్థం కాకపోవచ్చు. అమ్మ అడిగే ప్రశ్న నువ్వు చెప్పు, తక్కినది నేను చెబుతాను.

ఆ నోటీసు ఇంకా ఉంది. ఒక మూల ఊడింది. చెప్పులు మాత్రం లేవు. నిన్న ముగ్గురి ఇళ్ల నుంచీ వచ్చి తీసుకెళ్లారు. కొత్తల్లుడివి ఏవో వాళ్ల అన్నకి తెలియక, నన్ను పిలిపించి అడిగారు. చూపించాను. మడమ దగ్గర అరిగినవి అన్నాను. పెద్దాయన భార్య నాకు దండం పెట్టింది. తిరిగి పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

ఆదివారం నాకొక కలొచ్చింది. ఈసారి నిజంగానే. ముగ్గురూ లిఫ్టులో నిలబడి ఉన్నారు. ఇవాళ ఎవరి వంతు అని పెద్దాయన అడుగుతున్నాడు. నేను కిందికి చూసుకున్నాను. కాళ్లు కనపడలేదు. అమ్మ చెప్పింది నిజమే.

నీ ఆరో తారీకు ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకున్నాను. అది ఇవ్వాలా వద్దా అన్నది అక్కడికి వచ్చాక నువ్వే చెప్పు. గది తాళంచెవి ఇంటివాళ్లకి ఇచ్చేశాను. రెండు జతల బట్టలు సర్దాను. స్వెట్టర్ తే.

గురువారం పదింటికి విచారణ ఆఫీసు గేటు దగ్గర ఉంటాను. నీ కుడి వైపు నిలబడను, ఎడమ వైపే ఉంటాను. లాయరు చెప్పాడు, పదిన్నరకి మొదట నన్ను పిలుస్తారు, నా తర్వాత నిన్ను. పన్నెండింటికి పోలీసు బండి వస్తుంది.

తమ్ముడు